24 చదరపు అడుగుల ల్యాబ్

జగదీశ్ చంద్ర బోస్ పేరు మనలో చాలామందికి ఒక బిట్ ప్రశ్నగానే తెలుసు. క్రెస్కోగ్రాఫ్ కనిపెట్టింది ఎవరు? నాలుగు ఆప్షన్లలో ఆయన పేరు పక్కన టిక్ పెడితే ఒక మార్కు. మొక్కల గురించి పరిశోధించిన సైంటిస్ట్ అని ఇంకో లైను. అంతే, పేజీ తిప్పేస్తాం. స్కూల్ అయ్యేదాకా నాకూ అంతే తెలుసు. ఇంజినీరింగ్‌లో నెట్‌వర్క్స్ సబ్జెక్టు కోసం 60 గిగాహెర్ట్జ్ వైఫై గురించి వెతుకుతుంటే మళ్లీ ఈయనే ఎదురయ్యారు. ఇప్పుడు మనం కొత్త టెక్నాలజీ అని చెప్పుకుంటున్న మిల్లీమీటర్ తరంగాలని ఆయన 1890లలోనే కలకత్తాలో పుట్టించి, పట్టుకుని, కొలిచి చూపించారు.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఆ తేదీ కాదు, ఆ ల్యాబ్. ప్రెసిడెన్సీ కాలేజీలో ఆయన పరిశోధన చేసిన గది దాదాపు 24 చదరపు అడుగులు అని ఆయన గురించి రాసినవాళ్లందరూ చెబుతారు. అంటే హాస్టల్లో ఒక మంచం వేసి, పక్కన ఒక మనిషి నిలబడేంత చోటు. అందులో పరికరాలు లేవు, ఇచ్చేవాళ్లూ లేరు.

ఈ కథ ఇప్పుడెందుకంటే, మా డిపార్ట్‌మెంట్‌లో కొత్త ప్రాజెక్ట్ ల్యాబ్ వస్తోంది. ఏమేం కావాలో స్టూడెంట్స్‌ని కూడా లిస్ట్ అడిగారు. ఇండెంట్ ఏడాదికి ఒక్కసారే వెళ్తుంది. మా వాట్సాప్ గ్రూప్‌లో ఒక్క రాత్రిలో లిస్ట్ మూడు పేజీలు దాటింది. అన్నీ మంచి వస్తువులే. కానీ ఏ వస్తువు ఏ ప్రశ్న కోసమో ఆ మూడు పేజీల్లో ఎక్కడా లేదు. అందుకే బోస్ జీవితాన్ని ఈసారి ఒక్క వైపు నుంచి చూద్దామనిపించింది. ఆయన ఏం కొన్నారు, ఏం చేయించుకున్నారు, దేన్ని వద్దనుకున్నారు?

బోస్ 1858 నవంబర్ 30న, ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న ప్రాంతంలో పుట్టారు. నాన్నగారు భగవాన్ చంద్ర బోస్ డిప్యూటీ మేజిస్ట్రేట్. ఆ హోదాలో ఉన్నవాళ్లు పిల్లల్ని ఇంగ్లీష్ స్కూల్లో వేయడం అప్పటికే ఫ్యాషన్. ఈయన మాత్రం కొడుకుని ముందు బెంగాలీ బడిలో వేశారు. అక్కడ రైతుల పిల్లలూ, జాలర్ల పిల్లలూ పక్కన కూర్చునేవాళ్లు. పక్షుల కథలు, జంతువుల కథలు, నీటి జీవుల కథలు వాళ్ల దగ్గరే విన్నానని బోస్ పెద్దయ్యాక కూడా గుర్తుచేసుకునేవారు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలోనే చదివిన నాకు ఈ ముక్క చదివినప్పుడు కొంచెం అసూయ వేసింది.

తర్వాత నాన్నగారికి బర్ద్వాన్‌లో పోస్టింగ్ వచ్చింది. అక్కడ జ్వరాలు ప్రబలి చాలామంది పిల్లలు అనాథలయ్యారు. వాళ్లకి ఒక జీవనాధారం చూపించాలని ఆయన వర్క్‌షాప్ పెట్టించారు. వడ్రంగం, లోహపు పని అన్నీ అక్కడ జరిగేవి. పెద్ద ఆఫీసర్ గారి అబ్బాయి చిన్నప్పుడే పనిముట్ల చప్పుడు మధ్య తిరిగాడన్నమాట. నా దృష్టిలో బోస్‌కి మొదటి ల్యాబ్ అదే. ఏ లోహం వంగుతుంది, ఏది విరుగుతుంది, ఒక పని చేతితో ఎంతవరకు సాధ్యం అనేవి పుస్తకంలో నేర్చుకునే విషయాలు కావు.

ఆ తర్వాత కలకత్తాలో సెయింట్ జేవియర్స్. అక్కడ ఫాదర్ లాఫాఁ ప్రయోగాలు చేసి చూపిస్తూ ఫిజిక్స్ చెప్పేవారు. లండన్ వెళ్లి మొదట మెడిసిన్‌లో చేరారు కానీ ఆరోగ్యం సహకరించలేదు. డిసెక్షన్ గదుల వాసనకి జ్వరం ఇంకా ఎక్కువయ్యేది. దాంతో కేంబ్రిడ్జిలో సైన్స్‌కి మారారు. అక్కడ ఆయనకి పాఠం చెప్పినవాళ్లలో లార్డ్ రేలీ ఒకరు. 1885లో దేశానికి తిరిగొచ్చి కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా చేరారు.

చేరగానే మొదటి దెబ్బ. అప్పట్లో అదే ఉద్యోగం చేసే ఇంగ్లీషువాళ్లకి ఇచ్చే జీతంలో మూడింట రెండు వంతులే మనవాళ్లకి ఇచ్చేవారు. బోస్‌ది తాత్కాలిక నియామకం కాబట్టి అందులోనూ సగమే అన్నారు. అంటే మొత్తంలో మూడో వంతు. ఆయన గొడవ చేయలేదు, ఉద్యోగం మానలేదు. క్లాసులు మాత్రం ఒక్కటి కూడా తప్పకుండా చెబుతూ, జీతం తీసుకోవడం మానేశారు. ఒక నెల కాదు, మూడేళ్లు. నాన్నగారి మీద అప్పటికే అప్పులున్నాయి. 1887లో పెళ్లి కూడా అయింది. భార్య అబలా దేవికి కలకత్తా మెడికల్ కాలేజీలో ఆడపిల్ల అని సీటు ఇవ్వకపోతే మద్రాసు వెళ్లి మెడిసిన్ చదివినావిడ. ఇద్దరూ ఆ రోజులు ఎలా నెట్టుకొచ్చారో ఊహించుకోవాల్సిందే. చివరికి కాలేజీ దిగొచ్చి, చేరిన రోజు నుంచి లెక్కగట్టి పూర్తి జీతం ఒకేసారి ఇచ్చింది. ఆ డబ్బు నాన్నగారి అప్పులు తీర్చడానికి వెళ్లింది.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఆ కాలంలో భారతీయులు తత్వం చెప్పగలరు, లెక్కలు చేయగలరు కానీ, ఖచ్చితమైన ప్రయోగాలు వాళ్ల వల్ల కాదు అనే అభిప్రాయం అధికారుల్లో బలంగా ఉండేది. అలాంటప్పుడు పరికరాలు ఎందుకిస్తారు? పరికరాలు లేకపోతే ప్రయోగాలు ఎలా జరుగుతాయి? జరగకపోతే ఆ అభిప్రాయమే నిజమైపోతుంది. ఈ లూప్‌ని ఎక్కడో ఒకచోట బ్రేక్ చేయాలి. 1894లో, 36వ పుట్టినరోజు నాడు, ఇకపై పరిశోధనకే జీవితం అని బోస్ నిర్ణయించుకున్నారు. బాత్రూమ్‌ని ఆనుకుని ఉన్న ఆ చిన్న గదిలో పని మొదలైంది.

ఆయన తీసుకున్న ప్రశ్న చిన్నది కాదు. విద్యుదయస్కాంత తరంగాలు ఉంటాయని మాక్స్‌వెల్ లెక్కల్లో చూపించారు. 1887, 88ల్లో జర్మనీలో హెర్ట్జ్ వాటిని నిజంగానే పుట్టించారు. అవి కాంతిలాంటివే అయితే, కాంతి చేసే పనులన్నీ చేయాలి. అద్దం మీద పడితే వెనక్కి రావాలి, ప్రిజంలోంచి వెళ్తే వంగాలి, పోలరైజ్ అవ్వాలి. ఇక్కడే పరికరాల సమస్య వచ్చింది. ఒక తరంగాన్ని ప్రిజంతో వంచాలంటే ఆ ప్రిజం తరంగదైర్ఘ్యం కంటే బాగా పెద్దగా ఉండాలి. హెర్ట్జ్ వాడిన తరంగాల్లో చిన్నవే దాదాపు 66 సెంటీమీటర్లు. అందుకని ఆయన తారులాంటి పదార్థంతో మనిషి ఎత్తుకి దగ్గరగా ఉండే ప్రిజం పోయించారు. దాని బరువు వందల కిలోలు.

ఇప్పుడు ఆ ప్రిజంని బోస్ గదిలో పెట్టండి. మనిషికే చోటుండదు. మామూలుగా మనమైతే ఏం చేస్తాం? పెద్ద గది కావాలని లెటర్ పెడతాం. బోస్ పరికరం సైజుని వదిలేసి తరంగం సైజుని మార్చారు. 5 మిల్లీమీటర్ల దాకా చిన్న తరంగాలు పుట్టిస్తే ప్రిజం, లెన్స్, అద్దం అన్నీ అరచేతిలో పట్టే సైజుకొస్తాయి. కాంతితో పోలికా ఇంకా ఖచ్చితంగా చూడొచ్చు. గది చిన్నదవ్వడం వల్లే ఆయనకి ఈ ఆలోచన వచ్చిందని నేను అనను. చిన్న తరంగాలతో కొలతలు సరిగ్గా వస్తాయన్నదే అసలు కారణం. కానీ గది చిన్నదైనా పని ఆగకపోవడానికి కారణం మాత్రం ఆ నిర్ణయమే. 5 మిల్లీమీటర్లు అంటే ఫ్రీక్వెన్సీలో 60 గిగాహెర్ట్జ్. నా నెట్‌వర్క్స్ నోట్స్‌లో ఉన్న నంబర్ అదే.

ఇక పరికరాలు. విదేశాల నుంచి తెప్పించాలంటే డబ్బు కావాలి, నెలలు పడుతుంది. పైగా ఆయనకి కావాల్సినవి ఏ కంపెనీ దగ్గరా లేవు, ఎందుకంటే ఆ సైజు తరంగాలతో అలాంటి కొలతలు ఎవరూ తీసుకోవట్లేదు. కాబట్టి కేటలాగ్‌లో వెతకడంలో అర్థం లేదు. బోస్ ఒక రేకుల పని చేసే అతన్ని పిలిచి దగ్గర పెట్టుకున్నారు. చదువు రాని మనిషి, కానీ చెయ్యి తిరిగినవాడు. పక్కన కూర్చుని ఏం కావాలో చెబుతూ, చేసినది చూసి మళ్లీ మార్పిస్తూ, సొంత ఖర్చుతో పరికరాలన్నీ తయారు చేయించుకున్నారు. బర్ద్వాన్ వర్క్‌షాప్ ఇక్కడ పనికొచ్చిందని నాకనిపిస్తుంది. పనివాడితో పనివాడి భాషలో మాట్లాడటం రాని ప్రొఫెసర్‌కి ఇది కుదరదు.

అన్నీ చవకగా కానిచ్చేశారా అంటే, లేదు. ఇదే నాకు బాగా నచ్చిన విషయం. తరంగం పుట్టేది చిన్న లోహపు గుండ్ల మధ్య దూకే నిప్పురవ్వ నుంచి. రవ్వ పడ్డ ప్రతిసారీ ఆ ఉపరితలం కొంచెం కొంచెం గరుకవుతుంది. గరుకైతే తరంగం సరిగ్గా రాదు, కొలత పాడవుతుంది. అందుకని ఆ చోట మాత్రం ప్లాటినం వాడారు. పెట్టెకి రేకు, రవ్వకి ప్లాటినం. ఇంకో పని కూడా చేశారు. రవ్వలు ఆగకుండా వచ్చే ఏర్పాటు తీసేసి, మీట నొక్కితే ఒక్క రవ్వ మాత్రమే వచ్చేలా పెట్టుకున్నారు. ఒక్క రవ్వకి ఒక్క రీడింగ్. లోహం అరుగుదల తగ్గింది, కొలత కూడా శుభ్రంగా వచ్చింది. బడ్జెట్ అంటే అన్నిచోట్లా తగ్గించడం కాదు, ఎక్కడ తగ్గిస్తే ఆన్సర్ పాడవుతుందో తెలుసుకోవడం.

తరంగాన్ని పట్టుకునే రిసీవర్ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. అప్పట్లో యూరప్‌లో గాజుగొట్టంలో లోహపు రజను పోసి వాడేవారు. దాన్ని కోహెరర్ అనేవాళ్లు. తరంగం తగలగానే రజను గుండా కరెంటు పోతుంది. కలకత్తా ఉక్కపోత, తేమ దానికి పడలేదు. రజను తొందరగా తుప్పు పట్టేది, ఒకసారి పనిచేసి ఇంకోసారి చేసేది కాదు. మన విశాఖ, కాకినాడ వాళ్లకి ఈ బాధ వివరంగా చెప్పక్కర్లేదు. బోస్ రజనుని వదిలేసి, సన్నని ఉక్కు స్ప్రింగులు వరసగా పేర్చి, వాటిని ఎంత గట్టిగా నొక్కాలో స్క్రూతో సరిచేసుకునే రిసీవర్ తయారు చేశారు. లండన్‌లో బాగా పనిచేసే పరికరం కలకత్తాలో కూడా పనిచేస్తుందని గ్యారంటీ లేదు. ఏ డేటాషీట్ అయినా అది రాసిన ఊరి వాతావరణంలోనే పుడుతుంది.

స్ప్రింగులతో ఆగలేదు. లోహాలు, ఖనిజాలు ఒకదాని తర్వాత ఒకటి పరీక్షించుకుంటూ వెళ్లి గెలీనా దగ్గర ఆగారు. గెలీనా అంటే సీసం తీసే ముడిఖనిజం. ఆ స్ఫటికానికి చిన్న లోహపు మొన ఆనిస్తే తరంగాన్ని పట్టేస్తుంది. సెమీకండక్టర్ అనే మాట మన పుస్తకాల్లోకి రావడానికి చాలా ముందు, ఆ గుణాన్ని పనిలో పెట్టిన మొదటి డిటెక్టర్లలో ఇది ఒకటి.

పోలరైజర్ కథ అయితే ఫ్రెండ్స్‌కి చెప్పకుండా ఉండలేకపోయాను. ఒకదానికొకటి సమాంతరంగా సన్నని లోహపు పొరలు ఉంటే, తరంగంలో ఒక దిశలో ఊగే భాగం దాటిపోతుంది, ఇంకో దిశది ఆగిపోతుంది. ఇలాంటి పొరలు ఎక్కడ దొరుకుతాయి? బోస్ బ్రాడ్‌షా అనే రైల్వే టైమ్‌టేబుల్ పుస్తకం తీసుకుని, పేజీల మధ్యలో తగరపు రేకులు పెట్టారు. పోలరైజర్ రెడీ. ఆ తర్వాత 1898లో ఇంకా ముందుకెళ్లి, బెంగాల్ నిండా పండే జనపనారని తీసుకుని, కట్టలుగా మెలితిప్పి, ఆ మెలిక తరంగం ఊగే దిశని తిప్పుతుందని చూపించారు. కుడివైపు మెలిక ఒకలా, ఎడమవైపు మెలిక ఇంకోలా. చక్కెర ద్రావణం కాంతిని ఎలా తిప్పుతుందో అర్థం చేసుకోవడానికి అది ఒక పెద్ద సైజు నమూనా. లెన్స్‌లు, ప్రిజంల కోసం గంధకం లాంటివి వాడారు. టైమ్‌టేబుల్, గోనెసంచి నార, గంధకం. ఇవన్నీ కలిపి ఒక ఇండెంట్ రాస్తే మన స్టోర్స్‌లో సంతకం పెడతారా?

1895లో కలకత్తా టౌన్‌హాల్లో అందరి ముందు చేసి చూపించారు. బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ కూడా వచ్చారు. ఒక గదిలో పుట్టిన తరంగం గోడలు దాటి, దూరంగా ఉన్న గదిలో గంట మోగించింది, కాస్త మందుగుండు పేల్చింది. తీగ లేదు. అదే ఏడాది ఆయన పరిశోధన పత్రాలు బయటికొచ్చాయి. 1896లో లండన్ యూనివర్సిటీ డాక్టరేట్ ఇచ్చింది. 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన ప్రసంగం జరిగింది. రేకుల పనివాడి చేతిలో తయారైన పరికరాలు పెట్టెలో సర్దుకుని సముద్రం దాటాయి. గది చిన్నదని చిన్నగా చేసిన పరికరం ప్రపంచంలో ఎక్కడికైనా మోసుకెళ్లగలిగిన పరికరం అయింది.

మన మ్యాగజైన్ సాహిత్యానిది కాబట్టి మధ్యలో ఒక చిన్న మాట. ఇదే రోజుల్లో, 1896లో, ఒక తలనూనె కంపెనీ పెట్టిన కథల పోటీకి బోస్ బెంగాలీలో కథ రాశారు. కలకత్తా మీదికి రాబోయే తుఫాను ఒక సీసా తలనూనెతో ఎలా ఆగిపోయిందన్నది ఆ కథ. బెంగాలీలో వచ్చిన మొట్టమొదటి సైన్స్ ఫిక్షన్ కథల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. చేతికందిన వస్తువుతో పెద్ద పని చేయించే అలవాటు కథలో కూడా పోలేదు చూడండి.

మళ్లీ డిటెక్టర్ దగ్గరికి వద్దాం. దానికి వ్యాపార విలువ ఉందని బయటివాళ్లకి అర్థమైంది. పేటెంట్ తీసుకుని డబ్బు చేసుకుందామని వచ్చినవాళ్లని ఆయన తిప్పి పంపారు. ఈ విషయాన్ని స్నేహితుడు రవీంద్రనాథ్ టాగూర్‌కి ఉత్తరంలో కూడా రాశారు. జ్ఞానాన్ని తాళం వేసి దాచడం ఆయనకి ఇష్టం లేదు. సారా బుల్, సిస్టర్ నివేదిత లాంటి స్నేహితులు గట్టిగా పట్టుబట్టాక గెలీనా డిటెక్టర్‌కి 1901లో అమెరికాలో దరఖాస్తు వెళ్లింది, 1904లో పేటెంట్ వచ్చింది. దాన్ని వాడుకోకుండానే వదిలేశారు. ఇనుము, పాదరసంతో చేసిన ఇంకో డిటెక్టర్ గురించి 1899లో రాయల్ సొసైటీకి పత్రం పంపారు. 1901లో అట్లాంటిక్ దాటిన సిగ్నల్‌ని పట్టడానికి మార్కోనీ వాడిన పరికరానికి మూలం అదేనని తర్వాత కొందరు పరిశోధకులు వాదించారు. ఓపెన్ సోర్స్ అనే మాట వినగానే చప్పట్లు కొట్టే మనకి ఇది ఆలోచించాల్సిన విషయం. ఇవ్వడం గొప్పే. కానీ ఎవరు ఇచ్చారో ఎక్కడా రాసి ఉండకపోతే, వందేళ్ల తర్వాత వాదించుకోవాల్సి వస్తుంది.

కొత్త శతాబ్దం మొదలయ్యేసరికి ఆయన మొక్కల వైపు తిరిగారు. చాలామంది దీన్ని సబ్జెక్టు మారడం అంటారు. నాకు మాత్రం అదే పని కొనసాగినట్టు కనిపిస్తుంది. రిసీవర్ ఎక్కువసేపు వాడితే అలసిపోయినట్టు సున్నితత్వం తగ్గుతోంది, కాసేపు వదిలేస్తే మళ్లీ కోలుకుంటోంది. కండరం కూడా అంతే కదా, మరి మొక్క? ప్రశ్న అక్కడి నుంచి వచ్చింది. మళ్లీ అదే సమస్య. మొక్క పెరుగుదల, మొక్కలో కదలిక కంటికి కనపడనంత నెమ్మది. కొలిచే పరికరం బజార్లో లేదు. మళ్లీ చేయించుకోవాలి.

అలా వచ్చినవాటిలో ఒకటి రెజొనెంట్ రికార్డర్. మసి పట్టించిన గాజు పలక మీద సన్నని మొన గీత గీస్తే మొక్క కదలిక గ్రాఫ్‌లా వస్తుంది. కానీ అత్తిపత్తి ఆకు బలం ఎంతని? మొన గాజుకి రాసుకునే ఒరిపిడికే ఆకు ఆగిపోతుంది. బోస్ మొనని గాజుకి ఆనించి ఉంచకుండా, నిర్ణీత వేగంతో కంపించేలా చేశారు. అది గాజుని తాకి వదిలేస్తుంది, తాకి వదిలేస్తుంది. గీత బదులు చుక్కల వరస వస్తుంది. ఒరిపిడి దాదాపు పోయింది. పైగా రెండు చుక్కల మధ్య కాలం ముందే తెలుసు కాబట్టి ప్రతి చుక్కా టైమ్ స్టాంప్ కూడా. సిగ్నల్‌ని ఆపకుండా చూడకుండా సమానమైన వ్యవధుల్లో తీసుకోవడాన్ని మనం శాంప్లింగ్ అంటాం. ఆయన దాన్ని మసి, గాజు, ఒక మొనతో చేశారు.

క్రెస్కోగ్రాఫ్ ఆ కుటుంబంలోదే. పొడవైన చేయి ఒకటి, పొట్టి చేయి ఒకటి ఉండే మీటలు రెండు కలిపితే చిన్న కదలిక అనేక రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. ఆయన దాన్ని 10,000 రెట్ల దాకా తీసుకెళ్లారు. తర్వాత అయస్కాంతంతో ఇంకా ఎక్కువ. అంటే బిట్ ప్రశ్నలో మనం టిక్ పెట్టే ఆ పేరు వెనక, సరైన పరికరం దొరక్కపోతే తయారు చేసుకున్న ఇరవై ఏళ్ల అలవాటు ఉంది.

1914లో యూరప్, అమెరికా వెళ్లినప్పుడు పరికరాలతో పాటు మొక్కల్ని కూడా తీసుకెళ్లారు. అత్తిపత్తి, తనంతట తానే ఆకులు ఆడించే టెలిగ్రాఫ్ మొక్క. లండన్ చలికి అవి బతకాలి. వాటిని వెచ్చని అద్దాల గదిలో ఉంచాల్సి వచ్చింది. ల్యాబ్ సరుకులు అంటే మనకి రెసిస్టర్లు, సెన్సర్లు గుర్తొస్తాయి. ఆయన సరుకులకి ప్రాణం ఉంది, వాడిపోయే ప్రమాదమూ ఉంది.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. సొంతంగా చేయించుకున్న పరికరంలో ఒక లోపం ఉంటుంది. అది ఇంకొకరి దగ్గర ఉండదు. 1901లో లండన్‌లో మొక్కల మీద ఆయన ఫలితాలు చెప్పినప్పుడు అక్కడి శరీరధర్మ శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. జాతి అహంకారం ఉంది, ఫిజిక్స్ వాడు మా సబ్జెక్టులోకి ఎందుకొచ్చాడన్న కోపమూ ఉంది. కానీ ఆ ప్రయోగం తమ ల్యాబ్‌లో మళ్లీ చేసి చూసుకోవడానికి వాళ్ల దగ్గర అలాంటి పరికరం లేదన్నదీ నిజం. ఈ అనుమానం ఏళ్ల తరబడి నడిచింది. చివరికి 1920లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో కొందరు శాస్త్రవేత్తల ముందు క్రెస్కోగ్రాఫ్ పెట్టి చూపించాక, అది నిజంగానే పెరుగుదలని కొలుస్తోందని వాళ్లు బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ ఏడాదే రాయల్ సొసైటీ ఫెలోషిప్ వచ్చింది. మొక్కల్లో విద్యుత్ సంకేతాలు ఉంటాయన్న మాట ఇవాళ అందరూ ఒప్పుకుంటారు. మొక్కల నాడుల గురించి ఆయన చెప్పినవన్నీ మాత్రం నిలబడలేదు.

కోడ్ రాసేవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. నా లాప్‌టాప్‌లో రన్ అవుతోంది అంటే సరిపోదు, నీ లాప్‌టాప్‌లో కూడా రన్ అవ్వాలి. పరికరం తయారు చేయడం సగం పని. ఇంకొకరు దాన్ని మళ్లీ తయారు చేయగలిగేలా రాసి పెట్టడం మిగతా సగం.

బోస్‌కి సొంత గది సంగతి ఏమైంది? ప్రెసిడెన్సీలో మంచి ఫిజిక్స్ ల్యాబ్ కావాలని ఆయన తరఫున ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు 1890లలోనే ప్రభుత్వానికి రాశారు. ఏళ్లు గడిచాయి. తీరా కాలేజీకి కొత్త ల్యాబ్‌లు వచ్చేసరికి ఆయన రిటైర్మెంట్ దగ్గరపడింది. 1915లో రిటైర్ అయ్యారు. అప్పుడు తను దాచుకున్నది, జనం ఇచ్చింది కలిపి, 1917 నవంబర్ 30న, తన పుట్టినరోజు నాడు, కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టారు. ఇక్కడ కనిపెట్టినవి అందరివీ, పేటెంట్లు తీసుకోం అని మొదటిరోజే చెప్పారు. అందులో వర్క్‌షాప్ కూడా ఉంది. పరికరాలు చేసే మనిషి ల్యాబ్‌కి బయటివాడు కాదు, లోపలివాడు అన్నది ఆయన నమ్మకం.

1937 నవంబర్ 23న, ఇప్పటి జార్ఖండ్‌లో ఉన్న గిరిడీలో ఆయన చనిపోయారు. ఇంకో వారం ఉంటే 79 నిండేవి. 2012లో ఐ.ఈ.ఈ.ఈ. సంస్థ ప్రెసిడెన్సీలో జరిగిన ఆ మిల్లీమీటర్ తరంగాల ప్రయోగాలని చరిత్రలో మైలురాయిగా గుర్తించింది. ఆయన పరికరాలు కొన్ని కోల్‌కతాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చేసిన ఆ మొదటి రేకుల పనివాడి పేరు మాత్రం నేను చదివిన ఏ వ్యాసంలోనూ కనపడలేదు. ఇంత కథలో నన్ను బాధపెట్టిన విషయం ఇదే.

ఇదంతా చదివి, మనం కూడా రైల్వే టైమ్‌టేబుల్‌తో రీసెర్చ్ చేద్దాం, ఫండ్స్ వద్దు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పేదరికం బోస్‌కి సాయం చేయలేదు, అడ్డుపడింది. మంచి ల్యాబ్ ఇరవై ఏళ్ల ముందే వచ్చుంటే ఆయన ఇంకేం చేసేవారో మనకి తెలియదు. అడగాల్సిన పరికరాలు గట్టిగా అడగాల్సిందే. ఆయనకి మూడేళ్లు జీతం లేకుండా నిలబడే ఓపిక ఉంది, మనకి ఒక ఇండెంట్ కోసం వాదించే ఓపికైనా ఉండాలి.

కానీ ఎలా అడగాలో మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. అందుకే మా మూడు పేజీల లిస్ట్‌లో ప్రతి వస్తువు పక్కన ఐదు గడులు పెడదామని ప్రపోజల్ పెట్టాను. దీనితో ఏ ప్రశ్నకి జవాబు వెతుకుతాం? ప్రశ్ననే కొంచెం మారిస్తే ఇంతకంటే చిన్నదానితో పని అవుతుందా? ఇందులో ప్లాటినం పెట్టాల్సిన చోటు ఏది, రేకు సరిపోయే చోటు ఏది? మన ఎండకి, మన తేమకి, మన కరెంటు కోతలకి ఇది తట్టుకుంటుందా? పాడైతే బాగుచేసే మనిషి ఎవరు?

ఐదో గడి నింపేటప్పుడు హోదా రాయొద్దు, పేరు రాద్దాం. మన ల్యాబ్ అసిస్టెంట్ అన్న పేరు, వర్క్‌షాప్‌లో ఫిట్టింగ్ నేర్పే మాస్టారి పేరు, బయట టంకం పనిచేసే అతని పేరు. రేపు ఈ ల్యాబ్‌లోంచి ఒక మంచి ప్రాజెక్ట్ వస్తే, రిపోర్ట్ మొదటి పేజీలో మన పేర్లతో పాటు ఆ పేరు కూడా ఉండాలి.